కాలు తీశాక ఇంటికొస్తే

యాభై దాటిన తెలుగువాళ్ళకు కాలు పోయిన మనిషి అనగానే ‘మయూరి’ సినిమా గుర్తొస్తుంది. 1985లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాలో సుధాచంద్రన్ తన కథలో తానే నటించారు. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో ఆమె కాలు విరిగింది. విరిగిన ఎముక ఎలాగూ అతుక్కునేదే. చీలమండ దగ్గరున్న చిన్న గాయాన్ని సరిగా చూడకుండా దానిమీదే పిండికట్టు వేసేశారు. లోపల గాయం కుళ్ళింది, గాంగ్రీన్ పట్టింది, కాలు తీయక తప్పలేదు. జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు పెట్టుకుని 1984లో బొంబాయి వేదిక మీద ఆమె మళ్ళీ భరతనాట్యం చేశారు.

ఆ కథ నిజమే, గొప్పదే. అయితే మన ఊళ్ళలో ఏటేటా కాళ్ళు పోగొట్టుకుంటున్నవారిలో నాట్యం నేర్చుకునే పిల్లలు అరుదు. సుగరు వచ్చి పది పదిహేనేళ్ళయిన పెద్దవాళ్ళే ఎక్కువ. రైతులు, దర్జీలు, కిరాణాకొట్టు నడిపేవాళ్ళు, వంటింట్లో రోజంతా నిలబడే అమ్మలు. వాళ్ళకు వేదికలూ చప్పట్లూ అక్కర్లేదు. రాత్రి రెండింటికి ఎవర్నీ లేపకుండా బాత్రూముకు వెళ్ళి రాగలిగితే చాలు. మనవడి అన్నప్రాశనకు నలుగురితోపాటు వెళ్ళగలమా, పొలం గట్టు దాకా పోగలమా, పిల్లల మీద ఎంత భారం పడుతుంది? కాలు తీసేముందు మంచం మీద పడుకుని వాళ్ళు వేసుకునే లెక్కలు ఇవి. ఆపరేషను కాగితం మీద మాత్రం వీటిలో ఒక్కటీ ఉండదు.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో సుగరు ఉన్నవారు 10 కోట్లు దాటారు. సుగరు చాలాకాలం అదుపు తప్పితే ముందు దెబ్బతినేవాటిలో పాదాల నరాలు ఉంటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు. ఆ తర్వాత అసలేమీ తెలియకపోవడం. చెప్పులో రాయి దూరినా, వేడినీళ్ళు కాలినా, ఆనెకాయ కింద చీము పట్టినా నొప్పి ఉండదు కాబట్టి మనిషి దానిమీదే నడుస్తూ ఉంటాడు. దీనికితోడు మోకాలి కింది రక్తనాళాలు పూడుకుపోతే, మందు వేసినా అది పుండు దాకా చేరదు. సుగరున్నవారికి తీసేసే ప్రతి 100 కాళ్ళలో 80కి పైగా ఇలాంటి ఒక పుండుతోనే మొదలవుతాయి.

ఆ పుండుతో ఎన్నాళ్ళు బతుకుతారన్నది బయటివాళ్ళకు తెలియని సంగతి. కొందరికి నెలలు, కొందరికి రెండు మూడేళ్ళు. రోజు మార్చి రోజు డ్రెస్సింగు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర కొన్నాళ్ళు, జిల్లా ఆస్పత్రిలో కొన్నాళ్ళు, ఎవరో చెప్పిన ఆకుపసరు కొన్నాళ్ళు. కాలు కింద పెట్టొద్దంటారు డాక్టర్లు, పెట్టకపోతే ఇల్లు గడవదు. చీము వాసనకు భయపడి పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తారు. బస్సులో పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే తర్వాతి బస్టాపులోనే దిగిపోతారు. జ్వరం వచ్చినప్పుడల్లా ఆస్పత్రిలో పడక, వచ్చేటప్పుడు అప్పు. ఇంట్లో ఒక మనిషి పూర్తిగా ఆ పుండు చుట్టూనే తిరుగుతూ ఉంటుంది, ఆ మనిషి సాధారణంగా భార్యో కోడలో. ఆమెకూ ఒక జీవితం ఉందని ఏ రిపోర్టులోనూ రాయరు.

ఇలా ఏళ్ళ తరబడి పుండుతో ఉన్నవారిలో, కాలు తీయించుకున్నవారిలో ఎవరి బతుకు ఎలా ఉంది? ఇంగ్లండులో మాంచెస్టరు పరిశోధకులు 1996లో ఈ సంగతే చూశారు. మానని పుండున్నవారికన్నా, ఒక కాలు పోయి తిరగగలుగుతున్నవారి మనఃస్థితి మెరుగ్గా కనిపించింది. అమెరికాలో డేన్ వుకిచ్ అనే శస్త్రవైద్యుడి బృందం 2017లో మరో అధ్యయనం ప్రచురించింది. పాదం పాడైన సుగరు రోగులను మోకాలి కింద కాలు తీయకముందూ తీశాకా ప్రశ్నలు అడిగితే, శరీరం విషయంలోనూ మనసు విషయంలోనూ తర్వాతే నయమన్నారు. అదే బృందం మరుసటి ఏడాది బయటపెట్టిన మాట ఇంకా ఆలోచింపజేస్తుంది. ఇలాంటి రోగులు చావుకన్నా కాలు పోవడానికే ఎక్కువ జడుస్తున్నారట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మాంచెస్టరు వాళ్ళు పోల్చింది తిరగగలిగినవారితో. మంచానికి అతుక్కుపోయినవారు ఆ లెక్కలో లేరు. అంటే కాలు తీయగానే బతుకు దానంతటదే బాగుపడదు. తీశాక కదలగలిగితేనే బాగుపడుతుంది. ఆ కదలడం అన్నదాన్ని ఎవరు నేర్పుతారు, ఏ కాలు ఇస్తారు, ఇంటికెళ్ళాక గడప ఎంత ఎత్తుంది అన్నవాటి మీదే తక్కిన కథంతా.

ఫ్రెంచి నటి సారా బెర్నార్ సంగతి ఈ సందర్భంలో చెప్పుకోదగింది. ఆమె కుడి మోకాలు ఏళ్ళపాటు బాధపెట్టింది. చివరికి కాలంతా పిండికట్టులో బిగించి కదలొద్దన్నారు. నెలలు గడిచినా గుణం లేదు. కాలు తీసేయమని డాక్టర్లను బతిమాలింది ఆమే. 1915 ఫిబ్రవరి 22న బోర్డో పట్టణంలో మోకాలి పైన తీసేశారు. అప్పటికామె వయసు 70. కృత్రిమ కాలు ఆమెకు సరిపడలేదు, పక్కన పడేశారు. పల్లకీలాంటి కుర్చీ చేయించుకుని, ఇద్దరు మనుషుల చేత మోయించుకుంటూ తిరిగారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల ముందు నాటకాలాడారు, అమెరికా వెళ్ళి ఊరూరా ప్రదర్శనలిచ్చారు, కూర్చుని ఆడగలిగే పాత్రలు ఎంచుకున్నారు. 1923లో చనిపోయేముందు కూడా పారిస్‌లో ఆమె ఇంట్లోనే ఒక సినిమా చిత్రీకరణ జరుగుతోంది. డబ్బూ పేరూ మోసేవాళ్ళూ ఉన్నారు కాబట్టి సాగిందనవచ్చు. నిజమే. అయినా ఆమె నిర్ణయం ఆమెదే కావడం, నడక రాకపోయినా పని వదలకపోవడం, ఈ రెండూ డబ్బుతో వచ్చినవి కావు.

మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలోకు అలా జరగలేదు. ఆరేళ్ళకు పోలియో, 1925లో బస్సు ప్రమాదం. కుడిపాదానికి మానని పుళ్ళు. 1934లో కొన్ని వేళ్ళు తీశారు. ఇరవై ఏళ్ళపాటు ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. 1953 ఆగస్టులో గాంగ్రీన్ వచ్చి మోకాలి కింద కాలు తీసేశారు. కృత్రిమ కాలికి ఎర్రని బూటు, దానికి చిరుగంటలు కుట్టించుకున్నారు. ఇప్పుడది మెక్సికో నగరంలో ఆమె ఇల్లే అయిన మ్యూజియంలో ఉంది. చూసేవాళ్ళకు అది ధైర్యానికి గుర్తులా కనిపిస్తుంది. కానీ ఆ నెలల్లో ఆమె తీవ్రంగా కుంగిపోయారు, ఏడాది తిరక్కుండానే 1954 జూలైలో కన్నుమూశారు. అందమైన కృత్రిమ కాలొక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మన ఆస్పత్రుల్లో ఫ్రీదా దారే ఎక్కువ కనిపిస్తుంది. ముందు చిటికెనవేలు. తర్వాత బొటనవేలు. ఆపైన సగం పాదం. ప్రతిసారీ ఇదే ఆఖరు అంటారు, ప్రతిసారీ ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. కాలు నిలబెట్టే ప్రయత్నం తప్పని ఎవరూ అనరు. రక్తనాళం తెరవగలిగితే, ఒత్తిడి పడకుండా కట్టు వేయగలిగితే, చీము అదుపులోకి వస్తే ఎన్నో పాదాలు నిలుస్తాయి, ముందు ఆ దారులన్నీ చూడాల్సిందే. అవి అయిపోయాక కూడా నెలల తరబడి సాగదీస్తే రోగి కండ కరిగిపోతుంది, గుండె బలహీనపడుతుంది. ఆ స్థితిలో అర్ధరాత్రి ప్రాణం మీదికొచ్చి తీసే కాలుకీ, ఒంట్లో శక్తి ఉండగా ఆలోచించి తీయించుకునే కాలుకీ తర్వాతి బతుకులో చాలా తేడా ఉంటుంది.

ఇంకో చేదు నిజం. చీలమండ పైన కాలు తీయించుకున్న సుగరు రోగుల్లో సగానికి మించి ఐదేళ్ళలోపు చనిపోతున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. గాయకురాలు ఎల్లా ఫిట్జెరాల్డ్‌కు 1993లో రెండు కాళ్ళూ మోకాలి కింద తీశారు, మూడేళ్ళకు ఆమె పోయారు. అయితే ఇందులో చాలామందిని తీసుకుపోయేది కోసిన కాలు కాదు, గుండె, మూత్రపిండాలు. కాలికి వెళ్ళే నాళం పూడిన మనిషికి గుండెకు వెళ్ళే నాళం బాగుంటుందన్న భరోసా లేదు. కుట్లు మానాయి కదా అని గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసేవారే ఎక్కువ. బీపీ, కొలెస్టరాల్ మాత్రలు, సిగరెట్టు మానడం లాంటివి ఆపరేషను తర్వాతే ఇంకా ముఖ్యం.

ఇక మోకాలు. కృత్రిమ కాళ్ళు బిగించేవాళ్ళు ముందు అడిగే ప్రశ్న ఒకటే: మోకాలు ఉందా? మోకాలి కింద తీస్తే నడకకు మామూలుకన్నా నాలుగోవంతు నుంచి 40 శాతం దాకా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మోకాలి పైన తీస్తే 60 శాతం పైమాటే, రక్తనాళాల జబ్బున్న పెద్దవయసువారికైతే దాదాపు రెట్టింపు. అరవై దాటిన గుండెకు ఆ రెట్టింపు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే మోకాలి కింద పోయినవారిలో ఎక్కువమంది మళ్ళీ నడుస్తారు, పైన పోయినవారిలో చాలామంది కుర్చీలో స్థిరపడతారు. వీలైనచోట మోకాలు మిగల్చమని సర్జన్‌ను అడగడం రోగి హక్కు.

మిగిలిన మోకాలును ఇంటివాళ్ళే పాడుచేయడం ఇంకో విడ్డూరం. ప్రేమతోనే చేస్తారు. మొండి కాలు వేలాడుతుంటే నొప్పిగా ఉంటుందేమోనని కింద మెత్తని దిండు పెడతారు. వారాల తరబడి అలా వంగి ఉన్న మోకాలు అలాగే బిగుసుకుపోతుంది. తర్వాత ఎంత మంచి కాలు తెచ్చినా నిలబడటం కుదరదు. దిండు వద్దు, మోకాలు చాపి ఉంచాలి, రోజులో కాసేపు బోర్లా పడుకోవాలి. మొండికి సాగే పట్టీ చుట్టే పద్ధతి ఉంది, వాపు దిగి ఆకారం వస్తేనే కాలు సరిగ్గా కూర్చుంటుంది. ఫిజియోథెరపిస్టు ఇదంతా పది నిమిషాల్లో నేర్పగలరు. ఆ పది నిమిషాలు దొరక్క నడక పోగొట్టుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు.

కాలు లేదు, అయినా దాని బొటనవేలు దురద పెడుతుంది. పాదం మెలితిరిగినట్టు నొప్పి. ఇది పిచ్చి కాదు, గాలి సోకడమూ కాదు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళినా పాత చిరునామాకు ఉత్తరాలు వస్తూ ఉన్నట్టు, మెదడులో కాలికి కేటాయించిన చోటు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. చెన్నైలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక చవకైన ఉపాయం కనిపెట్టారు. నిలువుటద్దం పక్కన మంచి అవయవాన్ని కదిలిస్తే, పోయినది కదులుతున్నట్టు కళ్ళు చూస్తాయి, కొందరికి నొప్పి తగ్గుతుంది. అందరికీ పనిచేయదు, మందులూ ఉన్నాయి. అసలు ప్రమాదం మరోటి. నిద్రమత్తులో కాలుందనుకుని లేచి అడుగు వేయడం. కుట్లు విడిపోయి మళ్ళీ ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో ఇలా పడినవాళ్ళుంటారు. మంచం పక్కనే తగిలేలా వాకరో కుర్చీయో పెట్టడం ఆ పడటాన్ని ఆపుతుంది.

కృత్రిమ కాలి విషయంలో మన దేశం ప్రపంచానికి పాఠం చెప్పింది. బయటి దేశాల్లో చేసిన పాదాలు బూటులో పెట్టుకోవడానికి, కుర్చీలో కూర్చోవడానికి పనికొచ్చేవి. బాసింపట్టు వేసి కూర్చునే మనిషికి, గొంతుకూర్చునే మనిషికి, తడి పొలంలో చెప్పులేకుండా దిగే మనిషికి అవి ఎందుకు? జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో పెద్ద చదువులు లేని చేతిపనివాడు రామచంద్ర శర్మ, ఎముకల డాక్టరు పి.కె. సేథీ కలిసి 1960ల చివర్లో రబ్బరుతో చేసిన పాదం అన్నివైపులా వంగేది, మనిషి రంగులో ఉండేది, నీళ్ళలో తడిసినా పాడయ్యేది కాదు. సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. 1975లో డి.ఆర్. మెహతా మొదలుపెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్ళను ఉచితంగా లక్షలమందికి అమర్చింది. తెలుగు ఊళ్ళలో ‘జైపూర్ కాలు’ అన్నది అన్ని కృత్రిమ కాళ్ళకూ పేరైపోయింది.

ఇంట్లో మార్పులకు పెద్ద ఖర్చు అక్కర్లేదు, కానీ ఎవరో ఒకరు పూనుకోవాలి. కింద కూర్చునే లెట్రిన్ మీద కమోడ్ కుర్చీ. గోడకు గట్టి కడ్డీ. గచ్చు తడిగా ఉంచకపోవడం. గడప ఎత్తైతే చిన్న వాలు. నులకమంచం బదులు లేచి నిలబడటానికి అనువైన ఎత్తు మంచం. ఇక చక్రాల కుర్చీ ఎక్కగానే ఇంక అయిపోయిందని ఏడ్చే ఇళ్ళున్నాయి. కృత్రిమ కాలుతో గది మధ్యలో ఆయాసపడి ఆగిపోయే ముసలాయనకన్నా, కుర్చీలో రచ్చబండ దాకా వెళ్ళి పేపరు చదివి వచ్చే ముసలాయన బతుకే బాగున్నట్టు.

రెండో కాలి గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. భారమంతా ఇప్పుడు దానిమీదే, నరాల స్పర్శ దానికీ లేదు. స్పర్శ లేని పాదం ఎలా పాడవుతుందో ముందు కుష్ఠులోనే తేలింది. కుష్ఠు రోగుల పాదాలు కుళ్ళేది క్రిమి తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక వాళ్ళు దెబ్బమీద దెబ్బ తగిలించుకోవడం వల్ల అని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టరు పాల్ బ్రాండ్ 1940ల చివరి నుంచి చూపించారు. కుష్ఠు ఆస్పత్రుల్లో పుట్టిన మెత్తని ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులే ఇవాళ సుగరు పాదాలకూ రాస్తున్నారు. చూడటానికి బాగోవని వాటిని గుమ్మం దగ్గర వదిలేసి మామూలు చెప్పులు తొడుక్కునేవాళ్ళను ఏమనాలి? రోజూ రాత్రి అరికాలు చూడటం, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవడం, అదీ కుదరకపోతే ఇంట్లో పిల్లల చేత చూపించుకోవడం, ఇది జీవితాంతం ఉండే పని.

డబ్బు సంగతి కూడా మర్యాద సంగతే. కాలు పోయినవారికి వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో సర్టిఫికెట్టు తీసుకుంటే, వైకల్యం 40 శాతం, అంతకుమించి ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాన్ని నెలకు 6,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలు చేశారు. దానితో ఇల్లు గడవదు. కానీ మందులకు కొడుకు ముందు చెయ్యి చాపక్కర్లేదు, అది చిన్న విషయం కాదు. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం, కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకోవడం, పక్క చక్రాల స్కూటరు మీద సంతకు వెళ్ళడం, ఇలా పని దొరికినవారిలో దిగులు త్వరగా తగ్గుతుందని పునరావాసంలో పనిచేసేవారు గమనిస్తారు. రోజంతా గోడవైపు తిరిగి పడుకుని, తిండి మానేసే మనిషిని మాత్రం మొండితనమని వదిలేయకూడదు. అది డిప్రెషన్, దానికి మందుంది.

చివరిగా అటక మీది కాళ్ళ సంగతి. ఉచిత శిబిరంలో ఇచ్చిన కాలు మొదట్లో బాగానే ఉంటుంది. కొన్ని నెలల్లో మొండి సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది, రాసుకుని చర్మం ఎర్రబడుతుంది. విప్పిన పది పదిహేను నిమిషాలకూ పోని ఎరుపు కొత్త పుండుకు మొదలు. అప్పుడు చాలామంది కాలును అటక మీద పడేసి మంచం ఎక్కుతారు, అది తమ ఖర్మ అనుకుంటారు. నిజానికి మొదటి సాకెట్ ఏడాదిలోపు మార్చాల్సి రావడం మామూలే. అప్పటిదాకా మొండికి తొడిగే మేజోళ్ళ పొరలు పెంచి బిగువు సరిచేసుకోవచ్చు, ఆ తర్వాత కొలతలు తీసుకుని కొత్తది చేస్తారు. కాలు ఇచ్చిన రోజే, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఎవరిని కలవాలి అని అడిగి ఆ తేదీని ఇంట్లో కాలెండరు మీద రాసుకోవాలి. శిబిరం ఎత్తేసి వెళ్ళిపోయి ఉంటే జిల్లా ఆస్పత్రిలో ఎముకల విభాగంలో అడిగితే దగ్గర్లోని కృత్రిమ అవయవాల కేంద్రం చిరునామా చెబుతారు.